“అవును” అన్న తర్వాత: మూడో పాఠం

ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నారేమో అనిపించిన పిల్లల్ని అమ్మానాన్నలుగా ఎలా అడగాలో పోయిన పాఠంలో సాధన చేశాం. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని డొంకతిరుగుడు లేకుండా, మామూలు గొంతుతో. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం అక్కర్లేదనీ, పరిశోధనల్లో అలా తేలలేదనీ చెప్పుకున్నాం. ఈసారి అసలు కష్టమైన చోటికి వద్దాం. మీరు అడిగారు. మీ అమ్మాయి తల దించుకుని “అవును” అంది.

మొదట నోటిదాకా వచ్చిన మాట మింగేయండి. ఆ మాట చాలా ఇళ్లలో ఒకటే: “నీకేం తక్కువ చేశాం?” దాని వెనకే “మా గురించి ఆలోచించావా?” మీరు భయంతోనే అంటారు. ఆమెకు మాత్రం నేరం మోపినట్టు వినిపిస్తుంది. ఈ స్థితిలో ఉన్న పిల్లలు చాలామంది తాము ఇంటికి భారమనే అనుకుంటుంటారు. కాలేజీ ఫీజు, హాస్టల్ ఖర్చు, నాన్న చేసిన అప్పు అన్నీ మనసులో లెక్కేసుకుని ఉంటారు. మీ ప్రశ్న ఆ లెక్కను ఇంకాస్త పెంచుతుంది.

రెండోది ఒట్టు. “ఇంకెప్పుడూ అలా అనుకోనని నా మీద ఒట్టెయ్” అంటాం. వేస్తుంది కూడా. కానీ ఆలోచన రాకుండా ఆపడం ఆమె చేతిలో లేదు. రేపు మళ్లీ వస్తే, ఒట్టు తప్పానన్న భయంతో మీ దగ్గరే దాస్తుంది. అందుకే మాట తీసుకోవాలనుకుంటే ఇలా తీసుకోండి: “మళ్లీ అనిపిస్తే అర్ధరాత్రైనా సరే, నన్ను లేపు.” ఇది ఆమె చేయగలిగిన పని.

ఇక మీరు అనాల్సింది కొంచెమే.

“చెప్పి మంచిపని చేశావమ్మా. నాకేం కోపం లేదు. ఎప్పట్నుంచి ఇలా అనిపిస్తోంది?”

ఆ తర్వాత ఊరుకోండి. నిజంగా ఊరుకోవాలి. రెండు నిమిషాలు ఇద్దరూ మాట్లాడకపోయినా కొంపేం మునగదు. “కాలేజీ మార్పిద్దాంలే”, “మార్కులు పోతే పోయాయిలే” మంచి మాటలే కావచ్చు, కానీ అవి రేపటికి. ఇవాళ పరిష్కారం చెప్పామంటే ఆమె చెప్పడం ఆపేస్తుంది.

కాస్త కుదుటపడ్డాక ఇంకో ప్రశ్న అడగాలి. “ఎలా చేసుకోవాలో కూడా అనుకున్నావా? దానికోసం ఏమైనా దగ్గర పెట్టుకున్నావా?” అవునన్నా, ఇదివరకు ఒకసారి ప్రయత్నించి ఉన్నా, ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. తెల్లారనిద్దాం అనుకోకుండా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పోలీసు కేసవుతుందని వెనకాడేవాళ్లున్నారు. ఆలోచన రావడం నేరం కాదు. ప్రయత్నించినవాళ్లను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలని, శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

అలాంటిదేం అనుకోలేదని చెప్పినా ఇల్లు సర్దాల్సిందే. కొట్టంలో మిగిలిన పురుగుమందు ఇంట్లో ఉండొద్దు, ఎరువు మూటలతోబాటు పొలం షెడ్డులోనూ వద్దు. నాయనమ్మ బీపీ, షుగర్ మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి మీ దగ్గరే ఉంచుకోండి. “చచ్చేవాడు ఎలాగైనా చస్తాడు” అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. అది తప్పు. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోయారు. 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. చచ్చిపోవాలన్న ఆ ఉధృతి చాలామందిలో కొద్దిసేపటికే తగ్గుతుంది. ఆ కాసేపు ప్రమాదకరమైనది చేతికందకుండా ఉంటే చాలు. తాళం సంగతి దాచకండి. “నీమీద నమ్మకం లేక కాదు, ఆ టైమ్ గడవడానికి” అని చెప్పే వేయండి.

రెండు మూడు రోజుల్లో సైకియాట్రిస్టును కలవాలి. ఈలోపు 14416 ఉంది. అది టెలి మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్ల మాట్లాడనంటే మీరే చేయండి, తల్లిదండ్రుల కాల్స్ కూడా తీసుకుంటారు.

“ఎవరికీ చెప్పకు” అని ఆమె బతిమాలితే పూర్తిగా మాటివ్వకండి. “చుట్టాలకు చెప్పను. నిన్ను కాపాడటానికి కావాల్సిన ఒకరిద్దరికి మాత్రం చెప్తా, ఎవరికో ముందు నిన్నే అడుగుతా” అనండి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో గది గదీ తిరిగి ఏమేం తాళంలోకి వెళ్లాలో రాసుకోండి. “చెప్పి మంచిపని చేశావమ్మా” అని మొదలయ్యే ఆ మూడు వాక్యాలు మీ యాసలోకి మార్చుకుని, భార్యాభర్తలు ఒకరికొకరు పైకి చెప్పి చూడండి. మొదటిసారి గొంతు వణుకుతుంది. నాలుగోసారికి కాస్త సర్దుకుంటుంది. వచ్చే పాఠంలో కాలేజీకి ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో చూద్దాం.