పాత పెట్రోల్ కారుకు సరైన ఆక్సిజన్ సెన్సార్ ఎలా ఎంచుకోవాలి?

మైలేజ్ పడిపోయింది. సైలెన్సర్ దగ్గర నిలబడితే పెట్రోల్ వాసన ఘాటుగా వస్తోంది. చెక్ ఇంజన్ లైట్ ఆరడం లేదు. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, "ఓటూ సెన్సార్ (ఆక్సిజన్ సెన్సార్) పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. స్పేర్ పార్ట్స్ షాపుకు వెళితే చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ధరల్లో మాత్రం చాలా తేడా. పొగ గొట్టం మీద సెన్సార్ కోసం ఉన్న బెజ్జంలో దాదాపు అన్నీ బిగుసుకుంటాయి కూడా. చిక్కంతా అక్కడే ఉంది.

మా నాన్నగారి కారుకు ఇలాగే ఒకసారి "ఏదైనా పట్టేస్తుంది" అని చెప్పి ఒకటి బిగించారు. కప్లర్ (వైర్ల చివర ఉండే ప్లగ్) కలవకపోతే వైర్లు కోసి అతికించారు. నెల తిరక్కుండా లైట్ మళ్లీ వెలిగింది. పార్ట్ నంబర్ చూసి సరైనది తెప్పించాకే ఆయన టెన్షన్ తీరింది. రెండు సెన్సార్ల ఖర్చు, రెండు కూలీలు. ఆ డబ్బు మీకు మిగలాలనే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

1. ముందు సెన్సారే పోయిందా అని తేల్చుకోండి

ఇంజన్ నుంచి బయటికి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఈ సెన్సార్ చూస్తుంది. దాన్ని బట్టి ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, పెట్రోల్ పెంచుతుంది, తగ్గిస్తుంది. మామూలు సెన్సార్ అయితే పెట్రోల్ ఎక్కువైనప్పుడు 0.9 వోల్టుల దగ్గరికి, గాలి ఎక్కువైనప్పుడు 0.1 దగ్గరికి వెళుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని స్కానర్‌లో లైవ్ డేటా చూడమనండి. ముందు వైపు సెన్సార్ అంకె ఈ రెండింటి మధ్య చకచకా ఊగుతుంటే సెన్సార్ ప్రాణంతోనే ఉన్నట్టు. ఒకేచోట నిలిచిపోతే వ్యాక్యూమ్ పైపు ఒకటి ఊడదీసి చూడాలి. గాలి లోపలికి పోగానే వోల్టేజ్ పడిపోతే సెన్సార్ పనిచేస్తోంది, తప్పు వేరేచోట ఉంది.

స్కానర్‌లో పీ0171 అనే లోపం కోడ్ చూసి సెన్సార్ కొనకండి. "గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ" అని సెన్సార్ చెబుతున్న మాట అది. చెప్పినవాణ్ణి మార్చేస్తే కారణం పోదు. పగిలిన వ్యాక్యూమ్ పైపు, బలహీనపడిన పెట్రోల్ పంప్, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర లీక్, వీటిని ముందు చూడాలి. పీ0135 వస్తే సెన్సార్ లోపలి హీటర్ సర్క్యూట్‌లో లోపం. దానికీ ముందు ఫ్యూజ్ చూడండి, తర్వాత హీటర్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. మామూలుగా కొన్ని ఓమ్‌లే చూపించాలి. అసలు కనెక్షనే లేనట్టు చూపిస్తే హీటర్ తెగిపోయినట్టే.

కారు తన లోపాలను తానే కనిపెట్టి స్కానర్‌కు చెప్పే ఓబీడీ-2 పద్ధతి మన దేశంలో కార్లకు తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు కార్లలో చాలావాటికి ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ రీడర్ సరిపోదు, ఆ కంపెనీ బండ్లను చదవగల స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

2. ఏ చోటి సెన్సారో తెలుసుకోండి

పొగ గొట్టంలో కాలుష్యం తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్‌కు ముందు ఉండేది పెట్రోల్ మోతాదు కోసం. తర్వాత ఉండేది కన్వర్టర్ పనితీరు చూడటానికి. బాగా పాత కార్లలో చాలావాటికి ముందుదొక్కటే ఉంటుంది. రెండూ ఉన్నచోట ఒకదాని బదులు ఇంకొకటి వేయకూడదు. వైరు పొడవు, కప్లర్ వేరుగా ఉంటాయి, ఒక్కోసారి సెన్సార్ రకమే వేరు. అమెరికాలో పాత వీ6 కార్లు నడుపుతున్న మనవాళ్లు బ్యాంక్ (రెండు సిలిండర్ల వరుసల్లో ఏది అన్నది) కూడా చూసుకోవాలి. ఒకటో నంబర్ సిలిండర్ ఉన్న వైపే బ్యాంక్ 1.

3. రకం, వైర్లు

ఎక్కువ కార్లలో ఉండే మామూలు రకం జిర్కోనియా సెన్సార్. ఒకప్పటి కొన్ని నిస్సాన్, జీప్ మోడళ్లలో టైటానియా రకం వచ్చింది. అది వోల్టేజ్ పుట్టించదు, దాని రెసిస్టెన్స్ మారుతుంది. కొన్ని టయోటా, హోండా కార్లలో ముందు వైపు ఎయిర్ ఫ్యూయల్ రేషియో సెన్సార్ ఉంటుంది. దానికీ నాలుగు వైర్లే ఉండొచ్చు, చూడ్డానికీ అచ్చం అలాగే ఉంటుంది, కానీ ఇచ్చే సిగ్నల్ పూర్తిగా వేరు. ఈ మూడింటిలో ఏదీ ఇంకోదానికి బదులు కాదు.

ఒకటి, రెండు వైర్ల సెన్సార్లకు హీటర్ ఉండదు. పొగ వేడికే దాదాపు 300 డిగ్రీలు దాటితే గానీ సరిగా పనిచేయవు. మూడు, నాలుగు వైర్లవాటికి హీటర్ ఉంటుంది. పాతదానికి ఎన్ని వైర్లు ఉన్నాయో కొత్తదానికీ అన్నే ఉండాలి.

ఇక రంగులు. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి: రంగు చూసి వైర్లు కలపకూడదు. బాష్, ఎన్‌టీకే సెన్సార్లలో సాధారణంగా రెండు తెల్ల వైర్లు హీటర్‌వి, నలుపు సిగ్నల్, బూడిద రంగు సిగ్నల్ గ్రౌండ్. డెన్సోలో సాధారణంగా రెండు నల్ల వైర్లు హీటర్‌వి, నీలం సిగ్నల్, తెలుపు గ్రౌండ్. అంటే ఒకదానిలో సిగ్నల్‌గా ఉన్న నలుపు, ఇంకోదానిలో హీటర్. నలుపుకు నలుపు కలిపితే ఒక వోల్టు కూడా దాటని సిగ్నల్ వైరులోకి 12 వోల్టులు పోవచ్చు. సెన్సార్ ధర ఎంతైనా ఈసీయూ ధర ముందు చిన్నదే.

4. పార్ట్ నంబర్ పట్టుకోండి

పాత సెన్సార్ ఒంటి మీద నంబర్ చెక్కి ఉంటుంది. వైర్ బ్రష్‌తో మసి దులిపి ఫొటో తీసుకోండి. అయితే సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే అంతకు ముందు ఓనర్ వేయించింది సరైనదే అన్న నమ్మకం లేదు. అందుకని ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్ చెప్పి, కంపెనీ స్పేర్స్ కౌంటర్‌లో మీ బండికి రావాల్సిన నంబర్ అడగండి. అక్కడే కొనాలని లేదు. ఆ నంబర్‌కు సమానమైనది బాష్, డెన్సో, ఎన్‌టీకే కేటలాగ్‌లలో వెతకవచ్చు. ఒక్క మోడల్ పేరే చెప్పి అడిగితే పొరపాటు జరుగుతుంది. అదే పేరుతో ఏళ్ల తరబడి వచ్చిన కార్లలో మధ్యలో ఇంజన్, బీఎస్ కాలుష్య ప్రమాణం మారి ఉంటాయి.

5. కప్లర్‌తో వచ్చేదే కొనండి

యూనివర్సల్ సెన్సార్ ధర తక్కువే. కానీ పాత కప్లర్ కోసి దానికి అతికించాలి. చాలా సెన్సార్లు పోల్చి చూసుకోవడానికి కావలసిన బయటి గాలిని వైర్ల సందుల్లోంచే తీసుకుంటాయి. టంకం వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. మీ బండికి వేరే దారి లేక యూనివర్సలే వాడాల్సి వస్తే, దానితో వచ్చిన క్రింప్ కనెక్టర్లనే (టంకం లేకుండా నొక్కి బిగించేవి) వాడించండి.

పాత సామాన్ల షాపులో విప్పి అమ్మే సెన్సార్ నేనైతే ఎంత చవకైనా కొనను. హీటర్ లేనివి సుమారు 50 నుంచి 80 వేల కిలోమీటర్లు, హీటర్ ఉన్నవి లక్ష, ఆ పైన వస్తాయి. విప్పినదానికి ఎంత ఆయుష్షు మిగిలిందో అమ్మేవాడికీ తెలియదు. పైగా లోపల పింగాణీ, కింద పడితే బయటికి కనిపించకుండా పగులుతుంది. పేరున్న బ్రాండ్ డబ్బాలో డూప్లికేట్లు కూడా వస్తాయి కాబట్టి బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే తీసుకోండి, డబ్బా మీది నంబర్, సెన్సార్ మీది నంబర్ ఒకటేనా చూడండి.

6. బిగించే ముందు పాతదాని కొన చూడండి

నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. జిడ్డుగా, గోధుమ రంగు బూడిదలా ఉంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. తెల్లటి పూత ఉంటే కూలెంట్ లోపలికి కారుతుండవచ్చు, లేదా గ్యాస్కెట్‌కు పూసిన సిలికాన్ సీలెంట్ ఆవిరి పట్టి ఉండవచ్చు. ఆ కారణం సరిచేయకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి.

బిగించేటప్పుడు యాంటీ సీజ్ (మర పట్టేయకుండా పూసే పేస్టు) థ్రెడ్‌కే తగలాలి, కొనకు తగలకూడదు. చాలావాటికి కంపెనీయే పూసి పంపుతుంది. వైరు మెలితిరగకుండా, వేడి గొట్టానికి ఆనకుండా కట్టించండి. కోడ్ చెరిపించి, ఇంజన్ వేడెక్కే దాకా నడిపి, అదే 2,500 ఆర్‌పీఎం దగ్గర లైవ్ డేటా మళ్లీ చూపించమనండి. మార్చింది ముందు వైపు మామూలు సెన్సార్ అయితే, అంకె చకచకా ఊగుతుంటేనే డబ్బులు ఇవ్వండి.