శ్రీకాకుళం, విజయనగరం అమ్మాయిలు సీరియల్ నటి కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

సీరియల్లో చెయ్యాలని ఉంది, కానీ ఎవరూ తెలీదు అనే అమ్మాయిలు మన వైపు చాలామందే ఉన్నారు. సూటిగా చెప్తాను, ముందే హైదరాబాద్ రైలెక్కకండి. కొన్నాళ్లు ఇక్కడే నాటకాలు వెయ్యండి. కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది విజయనగరంలోనే. జె.వి. సోమయాజులు గారు సర్కారు ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ల తరబడి ఆ నాటకం ఆడినవారే, 1980లో శంకరాభరణంతో దేశమంతా తెలిశారు.

శ్రీకాకుళం బాపూజీ కళామందిర్లోనో, విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలోనో నాటకం పడితే వెళ్లండి, అయ్యాక మేకప్ గది దగ్గర ఆగి ఆ బృందంవాళ్లతో మాట్లాడండి, ఆడవేషాలకి మనుషులు దొరక్క వాళ్లే వెతుక్కుంటూ ఉంటారు. చదువుగా నేర్చుకోవాలంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది.

అన్నిటికన్నా గొంతు ముఖ్యం. మన సీరియళ్లలో హీరోయిన్లు చాలామంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకి ఇంకొకరు డబ్బింగ్ చెప్తారు, అంటే తెలుగు నోరు తిరిగే నటికి అక్కడ నిజంగా చోటుంది. సెట్లో ప్రాంప్టర్ పక్కనుంచి డైలాగ్ అందిస్తుంటే విన్నది విన్నట్టు అంటూనే మొహంలో భావం పలికించాలి, కొత్తవాళ్లు టెన్షన్ పడేది ఇక్కడే. అందుకే కన్యాశుల్కంలో మధురవాణి మాటలు తీసుకుని అమ్మ చేతో తమ్ముడి చేతో వెనకనుంచి చదివించుకుంటూ రోజూ అప్పజెప్పండి, ఫోన్లో రికార్డు చేసి వినండి. మన యాస పూర్తిగా మార్చుకోమంటే వినకండి, ఆ యాస కావాల్సిన పాత్రలూ వస్తాయి. మామూలు తెలుగు కూడా తడుముకోకుండా వస్తే చాలు.

ఆడిషన్లకి పంపే ఫోటోలు మేకప్ లేకుండా, పగటి వెలుతురులో తీసుకోండి. దాంతోపాటు పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పే నిమిషం వీడియో.

ఇక డబ్బు. ఆడిషన్‌కనీ, రిజిస్ట్రేషన్‌కనీ, పోర్ట్‌ఫోలియోకనీ (ఫోటోల ఆల్బమ్) ఎవరడిగినా రూపాయి ఇవ్వొద్దు, పని ఇచ్చేవాళ్లే మనకి డబ్బివ్వాలి! హోటల్ గదికి రమ్మంటే వెళ్లొద్దు. ఆఫీసుకైనా ఇంట్లోవాళ్లని తోడు తీసుకెళ్లండి, తోడు వద్దంటే అక్కణ్ణించి వచ్చెయ్యండి.

సీరియల్ వాళ్ల నుంచి పిలుపొచ్చాక ఫలక్‌నుమాకో విశాఖ ఎక్స్‌ప్రెస్‌కో టికెట్ తీసుకోండి, ఉండేచోటు మాత్రం ముందే చూసుకోవాలి. మొదట్లో అక్క వేషమో పక్కింటి అమ్మాయి వేషమో వస్తుంది, చెయ్యండి. సాధారణంగా పనిచేసిన రోజుల లెక్కనే పేమెంట్, అదీ వెంటనే చేతికి రాదు, చీరలు చాలాసార్లు మనవే తీసుకెళ్లాలి. కాబట్టి కొన్ని నెలల అద్దెకి సరిపడా చేతిలో ఉంచుకోండి, డిగ్రీ మధ్యలో వదిలి వెళ్లకండి.

టీవీలో చేస్తే సినిమాలు రావనే మాట పట్టించుకోవద్దు. విశాఖలో పెరిగిన స్వాతి మా టీవీలో కలర్స్ కార్యక్రమంతో ఇళ్లలోకి వచ్చి, 2005లో డేంజర్‌తో సినిమాల్లోకి వెళ్లి, 2008లో అష్టా చమ్మాలో హీరోయిన్ అయింది.