జన్యు నివేదికలో వింట్ గ్రాహకం పేరు కనిపిస్తే ఎలా చదవాలి?

హైదరాబాదులో జన్యు పరీక్ష చేయించుకున్న కుటుంబానికి అందిన నివేదికలో వింట్ గ్రాహకాలైన, అంటే వింట్ అనే సంకేత ప్రోటీన్‌ను కణం ఉపరితలంపై అందుకునే ప్రోటీన్లైన, ఎల్‌ఆర్‌పీ5 లేదా ఫ్రిజిల్డ్4 పేరు ఉంటే, ముందుగా ఆ ప్రోటీన్ చేసే పనిని తెలుసుకోవాలి. కణం ఉపరితలంపై వింట్ ప్రోటీన్ ఫ్రిజిల్డ్‌ను, ఎల్‌ఆర్‌పీ5 లేదా 6ను ఒకచోటికి చేర్చినప్పుడు, లోపల బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ విచ్ఛిన్నం ఆగిపోయి, అది కేంద్రకంలోకి చేరి జన్యువులను పనిలోకి దింపుతుంది.

తరువాత, ఆ మార్పు గ్రాహకం పనిని తగ్గిస్తోందా, పెంచుతోందా అని వైద్యుని అడగాలి; నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఎల్‌ఆర్‌పీ5 జన్యువు రెండు ప్రతులూ పనిచేయకపోతే బాల్యంలోనే ఎముకలు పెళుసుబారి, చూపు దెబ్బతింటుందని 2001లో తేలింది. అదే ప్రోటీన్‌కు స్క్లెరోస్టిన్, డీకేకే1 అనే నిరోధకాలు సరిగా అతుక్కోలేని మార్పు వస్తే ఎముకలు అసాధారణంగా దట్టమవుతాయి. 2019లో అమెరికాలో అనుమతి పొందిన రొమోసోజుమాబ్ స్క్లెరోస్టిన్‌ను అడ్డుకునే ఎముకల మందు.

ఫ్రిజిల్డ్4 విషయంలో ఒక ప్రతిలో లోపం ఉన్నా రెటీనా (కంటి వెనుక పొర) అంచులకు రక్తనాళాలు చేరకపోవచ్చు. ఇక్కడ గ్రాహకాన్ని ప్రేరేపించేది వింట్ కాదు, నోరిన్ అనే మరో ప్రోటీన్. బిడ్డలో ఈ లోపం బయటపడితే, ఏ ఇబ్బందీ లేని తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి.

ఫ్రిజిల్డ్‌ను ఉపరితలం నుంచి తొలగించే ఆర్‌ఎన్‌ఎఫ్43 అనే ప్రోటీన్ దెబ్బతినడం కొన్ని పెద్దపేగు, క్లోమ క్యాన్సర్లలో కనిపిస్తుంది.

మార్పు ప్రభావం అనిశ్చితమని నివేదిక చెబితే, దాని ఆధారంగా మాత్రమే ఏ చికిత్సా మొదలుపెట్టకుండా, జన్యు సలహాదారును కలవాలి.