రాకర్ ఆర్ములు మార్చాక ఇంజను టకటకమంటోందా?

స్మాల్ బ్లాక్ షెవ్రొలే వి8 ఇంజను 1955లో వచ్చింది. బలం పెంచాలని దాన్ని విప్పేవాళ్లు ఇప్పటికీ ఎందరో. క్యామ్‌షాఫ్ట్ కదలికను పుష్‌రాడ్ అనే కడ్డీ ద్వారా అందుకుని వాల్వును నొక్కి తెరిచే మీటే రాకర్. పుష్‌రాడ్ లేచినదానికి వాల్వు ఎన్ని రెట్లు కదులుతుందో అదే దాని నిష్పత్తి. ఫ్యాక్టరీ రాకర్ల నిష్పత్తి 1.5 కాబట్టి, క్యామ్‌షాఫ్ట్ జోలికి పోకుండానే వాల్వు ఎత్తు పెరుగుతుందని చాలామంది 1.6 రాకర్లు కొంటారు. ఆలోచన మంచిదే. కానీ నిష్పత్తి చూసి కొంటారు, వాల్వులుండే హెడ్‌ను చూడరు. కింది ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

టకటక శబ్దం, రాకర్ ముక్కు వాల్వు మీద నుంచి పక్కకు జరగడం

రాకర్ హెడ్‌లో దిగిన ఒకే స్టడ్ (నిలువు బోల్టు) మీద నిలబడుతుంది. పక్కకు తిరగకుండా దాన్ని ఏదో ఒకటి పట్టి ఉంచాలి. పాత హెడ్లలో పుష్‌రాడ్ వెళ్లే ఇరుకు గాడే ఆ పని చేస్తుంది. కొన్నింటిలో స్టడ్ల కింద గైడ్ ప్లేట్లు ఉంటాయి. తర్వాతి కాలపు హెడ్లలో రాకర్ ముక్కుకే రెండువైపులా అంచులుంటాయి. వాటిని సెల్ఫ్ అలైనింగ్ రాకర్లంటారు. 1996 నుంచి వచ్చిన వోర్టెక్ హెడ్లు ఈ మూడో రకం. వాటిలో పుష్‌రాడ్ రంధ్రాలు వదులుగా ఉంటాయి. అక్కడ అంచుల్లేని మామూలు రాకర్లు పెడితే వాటిని పట్టేది ఏదీ ఉండదు.

దీనికి తిరగబడిన తప్పూ ఉంది: గైడ్ ప్లేట్లున్న చోట సెల్ఫ్ అలైనింగ్ రాకర్లు పెట్టడం. ప్లేటు ఒకవైపు, అంచులు మరొకవైపు లాగి ముక్కు బిగుసుకుపోతుంది. మూడు పద్ధతుల్లో మీ హెడ్‌లో ఏది ఉందో చూసి, ఆ ఒక్కదానికే సరిపడే రాకర్ కొనండి. గైడ్ ప్లేట్లుంటే గట్టిపరచిన పుష్‌రాడ్లు తప్పనిసరి. లేకపోతే ప్లేటు పుష్‌రాడ్‌ను కోస్తుంది, ఆ ఇనుప రజను నూనెలో కలుస్తుంది.

పుష్‌రాడ్ ఒక పక్క మెరుస్తోంది

నిష్పత్తి పెంచడానికి రాకర్‌లో పుష్‌రాడ్ కూర్చునే గుంటను స్టడ్‌కు దగ్గరగా జరుపుతారు. దాంతో పుష్‌రాడ్ అటు వాలి హెడ్ గాడి చివరను రాసుకుంటుంది. గాడిని స్టడ్ వైపు పొడవు పెంచితే సరి. వెడల్పు మాత్రం పెంచకండి. పాత హెడ్లలో రాకర్‌ను నిలబెట్టేది ఆ వెడల్పే.

ఎంత సర్దినా ఒకే వాల్వు మళ్లీ వదులవుతోంది

రాకర్‌ను బిగించే నట్టును అనుమానించే ముందు స్టడ్ల తలల మీద ఒక స్కేలు ఆనించి చూడండి. ఒకటి పక్కవాటికంటే ఎత్తుగా ఉంటే అది హెడ్‌లో నుంచి పైకి వస్తోందన్నమాట. ఫ్యాక్టరీ స్టడ్లు చాలా హెడ్లలో నొక్కి దింపినవే, గట్టి స్ప్రింగులకు అవి తట్టుకోవు. మెషిన్ షాపులో మర వేయించి స్క్రూ స్టడ్లు పెట్టించుకోండి.

వేగం పెరిగితే బలం పడిపోవడం, తుపుక్కుమనడం

క్యామ్ లోబ్ (క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు) ఎత్తు 7.62 మి.మీ. అనుకోండి. 1.5తో వాల్వు 11.43 మి.మీ. లేస్తుంది, 1.6తో 12.19. ఆ ముప్పావు మిల్లీమీటరే స్ప్రింగు చుట్లను ఒకదానికొకటి ఆనించగలదు. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగులో ఇంకా 1.5 మి.మీ. ఖాళీ మిగలాలి. స్ప్రింగును పైన పట్టే రిటైనర్, కింద ఉన్న సీలుకు తగలకూడదు. పిస్టనుకూ వాల్వుకూ మధ్య ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. తగ్గకూడదు. రాకర్‌లో స్టడ్ దూరే గాడి చివరకూ స్టడ్‌కూ మధ్య ఒక పేపర్ క్లిప్ తీగ దూరాలి. దూరకపోతే పొడవు గాడి ఉన్న రాకర్లు కావాలి.

రాకర్ మధ్య బంతి నీలం రంగుకు తిరిగింది

రాకర్ ఊగేది ఈ బంతి మీదే. నీలం రంగు వేడి గుర్తు. ఇక్కడ కొనేవాళ్లు మోసపోయే మాట ఒకటుంది: రోలర్ టిప్. ముక్కున రోలర్ ఉన్నా మధ్యలో అదే పాత బంతి ఉంటే ఆ వేడి తగ్గదు. మధ్యలో కూడా నీడిల్ బేరింగులున్నవి తీసుకోండి.

వాల్వు గైడ్లు త్వరగా అరిగిపోతున్నాయి

వాల్వు కాడ జారే గొట్టాలే గైడ్లు. అవి అరగడానికి కారణం చాలాసార్లు పుష్‌రాడ్ పొడవు తప్పు. వాల్వు కొసకు మార్కర్ పెన్ను రంగు పూసి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, రాకర్ విప్పి చూడండి. రంగు పోయిన గీత సన్నగా, మధ్యలో ఉండాలి. వెడల్పుగా ఉంటే పొడవు సర్దుకోగల పుష్‌రాడ్‌తో కొంచెం కొంచెం మారుస్తూ గీత సన్నబడేదాకా వెతకండి. క్యామ్‌కూ పుష్‌రాడ్‌కూ మధ్య ఉండేది లిఫ్టర్. ఈ పరీక్షకు హైడ్రాలిక్ (నూనెతో పనిచేసే) లిఫ్టర్ పనికిరాదు, స్ప్రింగు ఒత్తిడికి అది కుంగి కొలత తప్పుతుంది. ఈ పనికి అరపూట పోతుంది. అయినా నేను దీన్ని ఎప్పుడూ వదలను.

చివరగా, హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజనులో సర్దుబాటు. ఒక సిలిండర్‌లో ఎగ్జాస్ట్ తెరుచుకోవడం మొదలైనప్పుడు దాని ఇన్‌టేక్‌ను, ఇన్‌టేక్ దాదాపు మూసుకుంటున్నప్పుడు ఎగ్జాస్ట్‌ను సర్దాలి. పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పి చూసి నమ్మకండి. నూనె తడికి అది బిగిశాక కూడా తిరుగుతుంది. పైకీ కిందికీ కదిపి చూడండి. ఆ కదలిక పోయిన చోట ఆగి, అక్కడి నుంచి నట్టును అర చుట్టు తిప్పి లాక్ బిగించండి. రాకర్ల మీది కవరు మూసి ఇంజనును ఒకసారి చేత్తో తిప్పండి. లాక్ నట్టు కవరుకు తగిలితే అప్పుడే వినిపిస్తుంది.