లాక్‌డౌన్‌లో రోజులు గడవాలి, అనుమానాలూ తేలాలి: మా ఇంట్లో పనికొచ్చిన పద్ధతి

"మొన్న వద్దన్నారు, ఇవాళ పెట్టుకోమంటున్నారు, ఇందులో ఏది నిజం రా?" 2020లో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, మా నాన్న మాస్కు చేతిలో పట్టుకుని అడిగిన ప్రశ్న ఇది. నా దగ్గర జవాబు లేదు. "చెప్పినట్టు చెయ్యి నాన్నా" అని విసుక్కున్నాను. ఆయన మాస్కు బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయారు. ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. పెద్దవాళ్లు అడిగినప్పుడు మనం విసుక్కుంటే వాళ్ల అనుమానం పోదు, మనల్ని అడగడం మానేసి ఫోన్లో వచ్చే మెసేజీలని అడుగుతారు, అంతే తేడా.

మళ్లీ ఎప్పుడైనా ఏదైనా జబ్బు వల్ల అందరం తలుపులు వేసుకుని కూర్చోవాల్సి వస్తే మీకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఇంట్లో పెద్దవాళ్లనీ పిల్లల్నీ పెట్టుకుని ఆ నెలలు దాటినవాణ్ని.

సలహా రాగానే అది ఏ రకమో చూడండి

పైనుంచి వచ్చే మాటలన్నీ ఒక రకం కాదు. కొన్ని ఆజ్ఞలు: ఫలానా టైము తర్వాత బయటికి రావద్దు. కొన్ని వైరస్ గురించి చెప్పే మాటలు: ఇలా అంటుకుంటుంది, ఇన్ని రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. ఇంకొన్ని ఉన్న సరుకుని సర్దుకోవడానికి చెప్పేవి. మూడింటినీ ఒకే గొంతుతో చెబుతారు కాబట్టి మనకీ ఒకేలా వినిపిస్తాయి.

మాస్కు సంగతే తీసుకోండి. 2020 ఫిబ్రవరి చివర్లో అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం గురించి ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరు) మాస్కులు కొనడం ఆపండి అని జనానికి చెప్పారు. ఏప్రిల్ 3న అదే దేశపు సీడీసీ, అంటే జబ్బుల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ, గుడ్డ మాస్కు పెట్టుకోమంది. వ్యాప్తి ఉన్న చోట్ల జనం గుడ్డ మాస్కులు పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5న చెప్పింది. మధ్యలో ఏం మారిందంటే, లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా అంటుకుంటుందని తెలిసొచ్చింది. 2020 ఫిబ్రవరిలో జపాన్ తీరంలో నిలిపేసిన డైమండ్ ప్రిన్సెస్ అనే విహార ఓడలో ఉన్న 3,711 మందిలో 712 మందికి వైరస్ సోకింది, పరీక్ష చేసేనాటికి వాళ్లలో దాదాపు సగం మందికి ఒంట్లో ఏ తేడా తెలియలేదు. మరి మొదట్లో వద్దని ఎందుకన్నారు అంటే, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి మాస్కులు చాలవన్న భయం అందులో ఉంది. ఆ భయం నిజమైనదే. కానీ "సరుకు తక్కువుంది, వాళ్లకి వదిలేయండి" అనే మాటని "మీకు దానివల్ల ఉపయోగం లేదు" అనే మాటతో కలిపి చెప్పారు. నాకు ఇప్పటికీ బాధ అనిపించేది అక్కడే. కొరత ఉందని నేరుగా చెప్పి ఉంటే మా నాన్నలాంటివాళ్లు అర్థం చేసుకునేవాళ్లు, తర్వాత పెట్టుకోమన్నప్పుడు నమ్మేవాళ్లు కూడా.

కాబట్టి ఏ సలహా విన్నా దాని తేదీ చూడండి, ఎవరి కోసం చెప్పారో చూడండి, ఎందుకు చెబుతున్నారో ఒక్క వాక్యమైనా ఉందేమో వెతకండి. కారణం చెప్పని సలహాని వెంటనే తోసేయక్కర్లేదు, ఆ కారణం ఏంటో మీరే వెతికి చూడండి.

దూరం లెక్క కూడా ఇలాంటిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1 మీటరు అంది, జర్మనీ 1.5 అంది, బ్రిటన్ 2 అంది, అమెరికా 6 అడుగులు అంది. దీన్ని చూపించి "వీళ్లకే తెలీదు" అని మా తమ్ముడు రోజూ వాదించేవాడు. నిజానికి ఫలానా గీత దాటితే వైరస్ ఆగిపోతుందని కాదు, దగ్గరికి వెళ్లేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, ఆచరణలో ఎక్కడ గీత గీయాలన్నది ఒక్కో దేశం ఒక్కోలా తేల్చుకుంది. వీలున్న చోట పెద్ద అంకె పాటిస్తే సరిపోయే విషయం అది.

రెండు వైపులా నష్టం లెక్కేయండి

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. ఒక సలహా మీద అనుమానం వచ్చినప్పుడు కాగితం మీద రెండు మాటలు రాసుకోండి. ఇది తప్పై ఉండి నేను పాటిస్తే పోయేదేంటి? ఇది నిజమై ఉండి నేను పాటించకపోతే పోయేదేంటి? మాస్కు విషయంలో మొదటిదానికి జవాబు కాస్త ఉక్కపోత, రెండోదానికి జవాబు ఇంట్లో ఒక మనిషి. ఇలా రాసి చూపించాక మా నాన్న ఇంకేం అనకుండా పెట్టుకున్నారు. నేను నచ్చజెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

మందుల దగ్గరికి వచ్చేసరికి ఇదే లెక్క తిరగబడుతుంది, ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండండి. మాత్ర వేసుకోవడం తప్పైతే పోయేది ఉక్కపోత కాదు, గుండో కాలేయమో దెబ్బతినొచ్చు. మలేరియా మందైన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని కరోనాకి వాడటానికి అమెరికాలో 2020 మార్చి 28న అత్యవసర అనుమతి ఇచ్చారు, జూన్ 15న వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్యలో ఆ మందు కోసం ఎగబడినవాళ్లు ఎంతమందో. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు కథ ఇంకా ముఖ్యమైంది: బ్రిటన్‌లో 'రికవరీ' పేరుతో రోగుల మీద జరిగిన మందుల పరీక్షలో వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలని మూడో వంతు దాకా తగ్గించిన మందే, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి ఏ మేలూ చేయలేదు. మందు మంచిదే, కానీ వేళ కాని వేళ ఇంట్లో కూర్చుని వేసుకుంటే కాదు. ఇక ఇరాన్‌లో ఆల్కహాల్ తాగితే వైరస్ చస్తుందన్న పుకారు నమ్మి మిథనాల్ (విషంలాంటి ఒక రకం ఆల్కహాల్) తాగి వందల మంది చనిపోయారు. కాబట్టి ఒంట్లోకి వెళ్లేది ఏదైనా సరే, మీ గురించి తెలిసిన డాక్టరు చెప్పకుండా వద్దు.

అతి జాగ్రత్తకి కూడా ఖరీదుంటుందని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. 2020 మార్చిలో వచ్చిన ఒక ప్రయోగంలో వైరస్ ప్లాస్టిక్, స్టీలు మీద 72 గంటల దాకా, అట్ట మీద 24 గంటల దాకా మిగిలిందని చూశారు. అది చదివి నేను ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువునీ తుడిచాను, కడిగాను, వరండాలో మూడు రోజులు పెట్టాను. చేతులు పగిలిపోయాయి, అమ్మ మీద కూడా అరిచాను. ప్రయోగశాలలో వైరస్ మిగలడం వేరు, ఆ వస్తువు ముట్టుకున్నవాళ్లకి జబ్బు రావడం వేరు. వస్తువుల మీద నుంచి సోకే ప్రమాదం సాధారణంగా 10,000లో ఒకటి కన్నా తక్కువ అని సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవడం మాత్రం మానకండి, వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరని సబ్బు విడగొడుతుంది, దాంతో అది పనికిరాకుండా పోతుంది.

ఆ తుడుపు మీద పెట్టిన ఓపికలో సగం కిటికీల మీద పెట్టి ఉండాల్సింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక గాయక బృందం సాధనకి 61 మంది కలిస్తే 53 మందికి జబ్బు సోకినట్టు లెక్కతేల్చారు (కొందరికి పరీక్షలో తేలింది, మిగతావాళ్లకి లక్షణాలని బట్టి), ఇద్దరు చనిపోయారు. మూసిన గది, పాట, రెండున్నర గంటలు. అదే నెలలో ఇది గాలి ద్వారా వ్యాపించే జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా ప్రకటించింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు గాలి సంగతి పట్టించుకోండి అని బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. అంటే పెద్ద సంస్థలూ పొరబడతాయి, కానీ ఆ పొరపాటుని ఎత్తిచూపినవాళ్లు ఆధారాలు పట్టుకుని పేర్లతో ముందుకొచ్చారు. "ఎవరో పెద్ద డాక్టరు చెప్పారట" అనే మెసేజీకీ దీనికీ ఉన్న తేడా ఇదే. ఇంటికి ఎవరైనా వస్తే ఎదురెదురుగా ఉన్న కిటికీలు తెరవండి, వీలైతే ఆరుబయటే కూర్చోబెట్టండి.

"ఇంట్లోనే ఉండండి" అన్నది వీటికి వర్తించదు

ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఆగని రక్తస్రావం, గర్భిణికి తేడాగా అనిపించడం. వీటికి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి, వెళ్లండి. వైరస్ భయంతో గుండెపోటుని ఇంట్లో ఓర్చుకున్నవాళ్లు ఉన్నారు. పసిపిల్లల టీకాలు కూడా వాయిదా వేయకండి. టీకాలు ఆగిపోవడం వల్ల ఏడాది లోపు పిల్లలు కనీసం 8 కోట్ల మందికి ముప్పుందని 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ హెచ్చరించాయి. ఇంకో మాట, కొందరికి ఇల్లే ప్రమాదం. ఇంట్లో హింస ఉంటే బయటపడటం నిబంధన మీరడం కాదు. తెలిసినవాళ్లతో ముందే ఒక గుర్తు మాట అనుకోండి, ఆ మాట ఫోన్లో వినిపిస్తే వాళ్లు సాయం పంపాలి.

ఇంట్లో ఎవరికైనా సోకితే వేరే గది ఇవ్వండి, కిటికీ తెరిచి ఉంచండి, లోపలికి వెళ్లేది ఒక్కరే అయితే మంచిది. పల్స్ ఆక్సీమీటర్ (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే చిన్న పరికరం) ఉంటే చేతులు వెచ్చగా ఉన్నప్పుడు, గోళ్ల రంగు లేకుండా చూడండి. మామూలుగా 95 పైన చూపించే మనిషికి 94 కన్నా తగ్గుతూ పోతుంటే ఆయాసం లేకపోయినా డాక్టరుకి ఫోన్ చేయండి, ఈ జబ్బులో ఆక్సిజన్ పడిపోయినా కొందరికి ఆ విషయం తెలియదు.

రోజు సంగతి

లేచే టైము మార్చకండి. మిగతా టైంటేబుల్ ఎంత చెడినా ఇదొక్కటీ నిలబెడితే నిద్ర అంతగా చెడదు. పొద్దున్నే కాసేపు ఎండ తగిలే చోట ఉండండి, బాల్కనీ అయినా కిటికీ అయినా సరే. వార్తలకి రోజులో రెండు సార్లు, ఇరవై నిమిషాల చొప్పున, రాత్రి భోజనం తర్వాత అస్సలు వద్దు. మేం అంకెలు చూసి పడుకున్న రాత్రులు ఎవరికీ నిద్ర పట్టేది కాదు, పొద్దున్న చిన్నదానికే గొడవలు. పెద్దవాళ్లు రోజూ వేసుకునే మందులు ఒక నెలకి సరిపడా ఉంచండి, అంతకు మించి దాచుకుంటే ఇంకొకరికి దొరకవు.

ఇల్లు చిన్నదైతే ఒక్కొక్కరికి రోజులో ఒక గంట ఎవరూ పలకరించని గంట ఇవ్వండి, పిల్లలకి కూడా. ఒంటరిగా ఉండేవాళ్లకి ఇది తిరగేసి చెప్పాలి: రోజూ ఒకే టైముకి ఒక మనిషికి ఫోన్ చేయండి. ఆ టైముకి ఫోన్ రాకపోతే అవతలివాళ్లు కనుక్కుంటారు, టెన్షన్ కూడా సగం తగ్గుతుంది.

మీకు నచ్చని నిబంధన ఉంటే, ఉదాహరణకి ఆరుబయట ప్రమాదం తక్కువని తెలిశాక కూడా పార్కులు మూసేస్తే, పాటిస్తూనే అడగండి. ఏ ఆధారంతో పెట్టారు, ఎప్పటిదాకా, మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారు. పేరు పెట్టి, మర్యాదగా, రాతపూర్వకంగా. జవాబు వచ్చినా రాకపోయినా అడిగినవాళ్ల లెక్క పెరగాలి.

ఒక నోటు పుస్తకం పెట్టండి, ఇంట్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా తేదీ వేసి అందులో రాయాలి, అప్పటికప్పుడు వాదన వద్దు. ఆదివారం అందరూ కూర్చుని వారంలో ఏది తేలిందో, ఏది మారిందో చూడండి, తేలనిది తర్వాతి వారానికి. మా పుస్తకంలో మాస్కు పేజీ మీద మూడు తేదీలున్నాయి, మూడోదాని పక్కన నాన్న చేతిరాతతో "ఇప్పుడు కారణం చెప్పారు" అని ఉంది.