వానల్లో చెన్నై ఒడ్డున గాలం వేసేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల టైమ్‌లో వాన ఆగగానే రాడ్ భుజాన వేసుకుని పండుగప్ప కోసం బయల్దేరేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, కానీ ఆకాశం తెరిపిచ్చినంత మాత్రాన సముద్రం తగ్గినట్టు కాదు. తుఫాను ఎక్కడో దూరంగా తీరం దాటిపోయినా అలల పోటు ఇంకా ఇక్కడ ఉండొచ్చు. అందుకే ఇంట్లోంచి కదిలేముందే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఇచ్చే అలల ఎత్తు సూచన చూడండి. జాలర్లను వేటకి వెళ్ళొద్దన్న రోజు మనకీ సెలవే, ఇందులో బేరాల్లేవు.

కాసిమేడు వైపైనా కోవళం వైపైనా రాళ్ల గట్టు ఎక్కేముందు ఓ ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. పెద్ద అలలు విడతలుగా వస్తాయి, మధ్యలో అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది, మనవాళ్ళు సరిగ్గా అప్పుడే కిందికి దిగుతారు. రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వచ్చిందనే అర్థం. పాచి సంగతి సరేసరి. చేప పడ్డా దాన్ని తీయడానికి కింది రాయి మీదకి దిగొద్దు, దారం తెగితే తెగనివ్వండి.

బయట అలలున్నాయని నదీ ముఖద్వారాల దగ్గరికి మారేవాళ్ళకి ఇంకో గొడవ. చెంబరంబాక్కం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు అడయార్ నదిలోకి, పూండి జలాశయం నుంచి వదిలితే ఎన్నూరు వైపు వస్తాయి, మనమున్న చోట వాన లేకపోయినా సరే. ఆ ఉరవడికి ఇసుక మేట అంచు కాళ్ళ కింద నుంచే జారిపోతుంది, కాబట్టి మోకాలు దాటి దిగొద్దు. పైగా అది ఊరి మురికంతా కలిసిన నీళ్ళు. కాలికి గాయం ఉంటే అసలు దిగకండి, ఎలుకల జ్వరం వచ్చేది అలాగే, తర్వాత జ్వరం వస్తే డాక్టర్‌కి ఈ నీళ్ళ సంగతి చెప్పండి.

చెన్నైలో చలేంటని నవ్వొద్దు. తడి జీన్స్ మీద గాలి కొడితే వేళ్ళు బిగుసుకుపోతాయి, ముడి కూడా పడదు. విండ్‌చీటర్, పొడి బట్టలు, ఫ్లాస్కులో టీ ఉంచుకోండి.

జెల్ల ముల్లు గుచ్చుకుంటే, చర్మం కాలనంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టి ఆస్పత్రికి వెళ్ళండి. ఉరుము వినపడితే కార్బన్ రాడ్ కింద పెట్టేసి కారెక్కండి.

ఒక్కరే మాత్రం వెళ్ళొద్దు. లైఫ్ జాకెట్ వేసుకోండి, తాడు కట్టిన ఖాళీ క్యాన్ ఒకటి దగ్గరుంచుకోండి. ఎవరైనా పడితే వెనకాలే దూకకుండా అది విసిరి, కోస్ట్ గార్డ్ నంబర్ 1554కి ఫోన్ చేయండి.