విశాఖలో బ్లడ్ గ్రూప్ టెస్ట్: ఎక్కడ ఉచితం, ఎక్కడ ఎంత కట్టాలి

కాలేజీ ఐడీ కార్డుకో, ఆపరేషన్‌కో బ్లడ్ గ్రూప్ కావాల్సొస్తుంది. పరగడుపున ఉండక్కర్లేదు, వాడే మందులు ఆపక్కర్లేదు. ప్రైవేటు ల్యాబులో మామూలుగా వంద నుంచి రెండొందల రూపాయల్లో అయిపోయే పని ఇది. బిల్లు అంతకన్నా బాగా పెరిగిందంటే పక్కన ఇంకేదో చేరిందన్నమాట.

అందుకే చెయ్యి చాపకముందే కౌంటర్లో అడగండి: "ఒక్క గ్రూపింగే, ఆర్‌హెచ్‌తో కలిపి ఎంత?" గ్రూపు, పాజిటివా నెగెటివా అన్నది రెండూ కలిపి ఒకటే టెస్టు. బిల్లులో రెండు లైన్లుగా వేస్తే ఎందుకని అడగండి. ఇంటికొచ్చి రక్తం తీసుకుంటే ఆ చార్జీ వేరు. గాజువాక నుంచి రామ్‌నగర్ దాకా వెళ్లలేని పెద్దవాళ్లకు అది దండగ కాదు గానీ, పడుచువాళ్లకు అనవసరం. గ్రూపు కోసం వెళ్లినవాళ్లకు ఫుల్ బాడీ ప్యాకేజీ అంటగట్టబోతే వద్దని చెప్పేయండి. ల్యాబ్ పరీక్షల మీద జీఎస్టీ లేదు. బిల్లులో అది కనిపిస్తే తీసేయించండి.

డబ్బు కష్టమైతే ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి: మహారాణిపేటలో కేజీహెచ్, హనుమంతవాక దగ్గర విమ్స్. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకుని, డాక్టరుతో టెస్టు రాయించుకుని, ఆ చీటీతో ల్యాబుకి వెళ్లాలి. నేరుగా ల్యాబు కిటికీ దగ్గర నిలబడితే పూట వృథా. ఆధార్ పట్టుకెళ్లండి. చీటీ మీద పేరు, వయసు అక్కడే సరిచూసుకోండి.

గర్భిణులైతే ఈ టెస్టుకి రూపాయి కూడా పెట్టక్కర్లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చూస్తారు. దగ్గర్లోని ఆశా కార్యకర్తని అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయితే ఈ సంగతి తొలి నెలల్లోనే తెలియాలి. 28వ వారంలో ఒకసారి, బిడ్డ పాజిటివ్‌గా పుడితే కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. బిడ్డ రక్తానికి ఎదురుతిరిగే యాంటీబాడీలు తల్లి ఒంట్లో పుట్టకుండా ఆపేది అదే. అది వేలల్లో ఉంటుంది కాబట్టి, ఆసుపత్రిలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇక టెస్టు ఎలా చేస్తారంటే: గాజు పలక మీద మూడు చుక్కల మందు వేస్తారు. నీలం రంగుది యాంటీ-ఎ, పసుపుది యాంటీ-బి, రంగు లేనిది యాంటీ-డి, పాజిటివా నెగెటివా తేల్చేది ఇదే. ఒక్కో దానిలో రక్తపు చుక్క కలిపి పలకను మెల్లగా ఊపుతారు. ఎక్కడ రక్తం రవ్వరవ్వగా విరిగితే అదే గ్రూపు. రెండు నిమిషాల్లో చూసేయాలి. ఆలస్యమై చుక్క ఆరితే అంచుల్లో గడ్డ కట్టినట్టు కనిపించి లేని గ్రూపు ఉన్నట్టు అనిపిస్తుంది. డి బలహీనంగా ఉన్నవాళ్లు పలక మీద నెగెటివ్‌గా కనబడొచ్చు. తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువ జరిగేది ట్యూబుల మీద పేర్లు తారుమారు కావడం. మీ ట్యూబు మీద మీ పేరు మీ కళ్లముందే రాయించండి.

పాత కార్డుకీ కొత్త రిపోర్టుకీ పొంతన లేకపోతే అదే ల్యాబుకి మళ్లీ డబ్బు కట్టకండి. బ్లడ్ బ్యాంకులో పలక మీద కాకుండా ట్యూబు పద్ధతిలో, రివర్స్ గ్రూపింగ్‌తో (రక్తంలోని యాంటీబాడీలను బట్టి గ్రూపు సరిచూడడం) సహా చేయించండి. నాలుగైదు నెలలు నిండని పసిపిల్లలకు రివర్స్ కుదరదు, వాళ్ల ఒంట్లో ఆ యాంటీబాడీలు ఇంకా తయారవ్వవు.

ఆపరేషన్‌కి చేరితే మీ దగ్గర ఏ కార్డున్నా ఆసుపత్రి మళ్లీ గ్రూపు చూస్తుంది, రక్తం ఎక్కించే ముందు క్రాస్ మ్యాచింగ్ (దాత రక్తం మీ రక్తంతో పడుతుందో లేదో చూడడం) చేస్తుంది. దానికి బిల్లు వేశారని గొడవపడకండి, అది మీ ప్రాణానికి కాపలా. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్లకు ఇవి ప్యాకేజీలోనే ఉంటాయి, విడిగా డబ్బు అడిగితే ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఉద్యోగికి చెప్పండి. సొంత బీమా ఉంటే ఆపరేషన్ ముందు చేయించిన టెస్టు బిల్లు, డాక్టరు చీటీ రెండూ దాచండి. చాలా పాలసీలు చేరడానికి ముందు 30 రోజుల ఖర్చు ఇస్తాయి. డాక్టరు చీటీ జతచేయకపోతే ఆ వంద రూపాయలూ రావు.